నేలలో దాగిన ఇంధన లీకు: పరిశీలనలో మెలకువలు

2013లో చెన్నైలోని తొండియార్‌పేటలో బోర్ల నుంచి నీటితోపాటు ఇంధనం పైకి వచ్చింది. ఓడరేవు నుంచి నిల్వ కేంద్రానికి భూమిలోపల సాగే గొట్టం లీకైనట్లు తేలింది. రహదారి పక్క పెట్రోలు బంకుకు దిగువనున్న పొలాల్లోనూ ఇట్టి స్థితి తలెత్తవచ్చు.

పెట్రోలు, డీజిలు నీటికన్నా తేలికైనవి. లీకైన ఇంధనం కొంత మట్టి రంధ్రాలలో చిక్కుకోగా, మిగిలినది భూగర్భ జలమట్టంపై తేలుతుంది. వర్షాలకు మట్టం పెరిగి వేసవిలో తగ్గినప్పుడల్లా ఆ పొర ఎక్కిదిగుతూ మధ్యనున్న మట్టినంతటినీ పూస్తుంది. అందుచేత ఒకే ఋతువులో తీసిన ఒక్క నమూనాతో కాలుష్యం లేదని నివేదించడం తొందరపాటే.

పరిశీలక బావిలో చిల్లుల గొట్టం జలమట్టానికి పైకీ కిందికీ విస్తరించి ఉండాలి. లోతుగా మాత్రమే అమర్చితే తేలే పొర బావిలోకి రాదు. వచ్చినా, బావిలో కొలిచిన మందం సాధారణంగా నేలలోని వాస్తవ మందంకన్నా ఎక్కువే, బంకనేలల్లో మరీను. ప్రవాహదిశ తెలియాలంటే ఒకే వరుసలో లేని మూడు బావులైనా అవసరం.

అసలు ప్రమాదం కరిగిన బెంజీన్‌తో. అది తేలే పొరకన్నా దూరం పోతుంది. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. బెంజీన్ వాసన ముక్కుకు తెలిసేది సుమారు వెయ్యి రెట్ల మోతాదులో! కాబట్టి వాసన లేదన్న రైతు మాటతో సరిపెట్టుకోరాదు. నమూనా సీసాను గాలిబుడగ లేకుండా నింపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. ఫలితం వచ్చేవరకు ఆ బోరు నడపరాదు. తోడేకొద్దీ కలుషిత జలం దానివైపే మళ్లుతుంది.