తప్పు జనానిదేనా? – హిల్స్‌బరో, ఒక అమెరికన్ రేడియో కార్యక్రమం

ఇవాళ నేను చెప్పబోయేది సాకర్ కబురు. క్రికెట్ అయితే వింటాం గానీ ఇదేమిటండీ అని రేడియో కట్టేయకండి. ఆట గురించి చెప్పేది రెండు ముక్కలే. మిగతాదంతా ఒక ఘోర ప్రమాదం గురించీ, దాని మీద ఇరవయ్యేళ్ళ తర్వాత అమెరికాలో ఒక వ్యాఖ్యాత అన్న మాట గురించీ, ఆ మాట విని మామూలు అభిమానులు ఏం చేశారన్న దాని గురించీ.

2009 ఏప్రిల్ సంగతి. అప్పట్లో అమెరికాలో సాకర్ మీద రోజూ వచ్చే కార్యక్రమాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. వాటిలో 'వరల్డ్ సాకర్ డైలీ' ఒకటి. దాన్ని నడిపిన స్టీవెన్ కోహెన్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి, చెల్సీ జట్టు అభిమాని. ఫాక్స్ సాకర్ ఛానెల్లో కూడా కనిపించేవారు. హిల్స్‌బరో దుర్ఘటనకి ఇరవయ్యేళ్ళు నిండుతున్న ఆ వారంలోనే, టిక్కెట్లు లేకుండా వచ్చిన లివర్‌పూల్ అభిమానులే ఆ చావులకి మూలకారణం అనే అర్థంలో ఆయన తన కార్యక్రమంలో మాట్లాడారు.

వినడానికి ఇదేమంత పెద్ద మాటలా అనిపించకపోవచ్చు. ఎందుకంత గాయమయిందో తెలియాలంటే అసలు జరిగింది చెప్పుకోవాలి.

1989 ఏప్రిల్ 15, శనివారం. ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ మధ్య. ఆట షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో. లివర్‌పూల్ వాళ్ళకి ఇచ్చింది లెపింగ్స్ లేన్ అనే వైపు. అక్కడ గోల్‌పోస్టు వెనకాల కుర్చీలుండవు, మెట్ల మీద నిలబడి చూడాలి. ఆ నిలబడే చోటుకి 10,100 టిక్కెట్లు అమ్మారు. అంతమందీ లోపలికి వెళ్ళడానికి పెట్టినవి ఏడే ఏడు తిరుగుడు గేట్లు. మూడు గంటలకి ఆట అనగా రెండున్నరకి బయట ఇరుకు సందులో జనం కిక్కిరిసిపోయారు. 2:52కి పోలీసులు పక్కనున్న పెద్ద గేటు తెరిపించారు. ఐదారు నిమిషాల్లో సుమారు రెండు వేలమంది లోపలికి నడిచారు.

ఇక్కడ మనకి తెలిసిన తిరుమల క్యూ కాంప్లెక్సుని గుర్తు చేసుకోండి. కంపార్ట్‌మెంట్లు వరసగా ఉంటాయి. ఒకటి నిండితే తలుపేసి పక్కదానిలోకి పంపుతారు. హిల్స్‌బరోలో కూడా నిలబడే చోటుని ఇనప కంచెలతో గదులుగా విడగొట్టారు. పెద్ద గేటు దాటి వచ్చినవాళ్ళకి ఎదురుగా ఒక సొరంగం కనిపిస్తుంది. అది నేరుగా మధ్యనున్న 3, 4 నంబరు గదుల్లోకి తీసుకుపోతుంది. అవి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. పక్క గదుల్లో ఇంకా చోటుంది. సొరంగం మూసేసి జనాన్ని పక్కలకి తిప్పి పంపేవాళ్ళెవరూ లేరు. అంతకుముందు ఏడాది, 1988లో, ఇవే రెండు జట్లు ఇదే మైదానంలో ఆడినప్పుడు పోలీసులు ఆ సొరంగాన్ని అడ్డుకున్నారు కూడా. ఆ రెండు గదులకీ కలిపి కాగితం మీద ఉన్న సామర్థ్యం 2,200. అదే ఎక్కువని తర్వాత నిపుణులు తేల్చారు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు మూడు వేలకి పైమాటేనని అంచనా. ముందు వైపు ఎత్తైన కంచె. వెనక నుంచి వచ్చేవాళ్ళకి ముందు ఏమవుతోందో కనబడదు.

కంప్యూటర్ల పని చేసేవాడిని కాబట్టి నాకు ఇది వెంటనే తెలిసిన జబ్బులా కనిపించింది. పది సర్వర్లున్నాయి, మొత్తం పని వాటికి సరిపోతుంది, కానీ పంచిపెట్టేవాడు లేక అంతా రెండింటి మీదే పడితే ఆ రెండూ కూలిపోతాయి. అప్పుడు యూజర్లు ఎక్కువయ్యారని ఎవరైనా అంటే మా మేనేజరు ఊరుకోడు.

3:06కి ఆట ఆపారు. ఆ రోజే 94 మంది పోయారు. కొద్దిరోజులకి ఇంకొకరు. నాలుగేళ్ళు స్పృహ లేని స్థితిలో ఉండి 1993లో మరొకరు. ఎక్కువమంది ముప్పయ్యేళ్ళ లోపువాళ్ళు. అందరిలోకీ చిన్నవాడికి పదేళ్ళు.

మన భాషలో ఇలాంటివాటికి వెంటనే వాడేసే మాట తొక్కిసలాట. నాకు ఆ మాట మీద ఒక ఫిర్యాదుంది. వినగానే ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటూ పరిగెత్తిన మూక కళ్ళముందు కనబడుతుంది. హిల్స్‌బరోలో పరుగు లేదు. చాలామంది నిలబడినచోటే, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరి లోపలికి పీల్చుకోలేక చనిపోయారు. ఎవరూ ఎవర్నీ తొక్కనక్కర్లేదు. చదరపు మీటరుకి ఇంతమంది అన్న లెక్క దాటితే మనిషికి తన శరీరం మీద అదుపుండదు, జనం నీళ్ళలా కదులుతారు. ఆ లెక్క చూసుకోవాల్సింది గేటు దగ్గరా కంట్రోలు గదిలోనూ ఉన్నవాళ్ళు, లోపల ఇరుక్కున్నవాళ్ళు కాదు.

తప్పు అభిమానులదే అన్న మాట మొదట ఎక్కడ పుట్టిందో కూడా రికార్డులో ఉంది. ఆ రోజు బందోబస్తు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్, గేటు తెరవమన్నది తనే అయి ఉండి, అభిమానులు గేటు బద్దలుకొట్టుకుని వచ్చారని ఫుట్‌బాల్ సంఘం పెద్దలకి చెప్పారు. అది అబద్ధమని 2015లో విచారణలో ఆయనే ఒప్పుకున్నారు. కానీ ఆ సాయంత్రానికే అది ప్రపంచమంతా పాకింది. నాలుగు రోజులకి 'ది సన్' పత్రిక 'నిజం' అని పెద్ద అక్షరాలతో మొదటి పేజీ వేసింది. తాగి ఉన్నారనీ, చనిపోయినవాళ్ళ జేబులు కొట్టారనీ రాసింది. లివర్‌పూల్ చుట్టుపక్కల ఆ పత్రికని కొనడం మానేశారు. ఒక వారమో నెలో కాదండీ, ఈనాటికీ అక్కడ ఆ పత్రిక పెట్టని కొట్లు బోలెడు.

లార్డ్ జస్టిస్ టేలర్ నివేదిక 1989 ఆగస్టులోనే వచ్చింది. ముఖ్య కారణం పోలీసుల అదుపు తప్పడమే అని తేల్చింది. టిక్కెట్ లేనివాళ్ళ సంగతి కూడా అంచనాలతో వదిలేయలేదు, లెక్కే వేశారు. లెపింగ్స్ లేన్ నిలబడే చోటులోకి వచ్చినవాళ్ళు 9,734 మంది అయి ఉంటారని, గరిష్ఠంగా చూసినా 10,124 దాటరని భద్రతా సంస్థ నిపుణులు చెప్పారు. అమ్మిన టిక్కెట్లు 10,100. అంటే టిక్కెట్ లేని వేలమంది చొరబడ్డారన్న కథకి అంకెల్లో చోటే లేదు.

ఇప్పుడు మళ్ళీ 2009కి వద్దాం. కోహెన్ మాట్లాడేనాటికి ఈ నివేదిక వచ్చి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. తెలియక అన్నారనుకోవడం కష్టం. అందుకే అమెరికాలోని లివర్‌పూల్ అభిమానులు ఊరుకోలేదు. వాళ్ళు లివర్‌పూల్‌లో పుట్టినవాళ్ళే కానక్కర్లేదు. న్యూయార్క్ లాంటి చాలా ఊళ్ళలో వాళ్ళకి సంఘాలున్నాయి, పొద్దున్నే పబ్‌లో చేరి ఆట చూస్తారు. అటువంటి వాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో అయితే ఎవరైనా ఈ మాటంటే పక్కవాడు ఖండిస్తాడు, వాడికి తెలుసు. ఇక్కడి శ్రోతకి హిల్స్‌బరో పేరు వినడమే మొదటిసారి కావచ్చు. మొదట విన్నదే నిజమై కూర్చుంటుంది.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడి చట్టం దారి మూసే ఉంది. అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ అభిప్రాయాన్ని కాపాడుతుంది. ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి. ఎవరి అభిప్రాయం తప్పో చెప్పదు, ఇంటర్నెట్ ప్రసారాలకి అసలు లైసెన్సే ఇవ్వదు. పరువునష్టం దావా వేద్దామంటే చనిపోయినవాళ్ళ తరఫున వేయడానికి కుదరదు. వేలమంది ఉన్న గుంపుని పేర్లు లేకుండా తిడితే అందులో ఒకరు కోర్టుకెళ్ళి నిలబడటమూ కష్టమే. అదే బ్రిటన్ అయితే ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థకి ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇక్కడ మిగిలింది ఒక్కటే, డబ్బు దారి. కార్యక్రమానికి ప్రకటనలిచ్చే కంపెనీలకి అభిమానులు రాయడం మొదలుపెట్టారు. మీ డబ్బుతో ఈ మాట ప్రసారమవుతోంది, మీకిది సమ్మతమేనా అని అడిగారు. ఊరు వాళ్ళు 'ది సన్' కొనడం మానేసిన పద్ధతినే వీళ్ళు సముద్రం ఇవతల ఇలా మార్చుకున్నారు.

కోహెన్ క్షమాపణ చెప్పారు. అది అడిగినవాళ్ళకి సరిపోలేదు, ఉద్యమం ఆగలేదు. ప్రకటనదారులు తప్పుకున్నారు. 2009 ఆగస్టులో 'వరల్డ్ సాకర్ డైలీ' మూతపడింది.

ఇందులో చేదు భాగం కూడా చెప్పాలి. తనకి బెదిరింపులొచ్చాయనీ, తను యూదుడు కావడం మీద నీచమైన సందేశాలొచ్చాయనీ కోహెన్ చెప్పారు. ఉత్తరాలు రాసినవాళ్ళు వేరు, అలాంటివి పంపేవాళ్ళు వేరు, నిజమే. అయినా ఒక న్యాయమైన ఫిర్యాదు పక్కన ఇటువంటివాళ్ళు వచ్చి చేరితే వాళ్ళని మొదట బయటికి పంపాల్సింది ఫిర్యాదుదారులే.

ఒక కార్యక్రమాన్ని మూయించడం వాక్స్వాతంత్ర్యానికి దెబ్బ కాదా అని అడిగేవాళ్ళున్నారు. నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. ఆయన మాట్లాడే హక్కుని ఎవరూ తీసేయలేదు. ఆ మాటకి ఫలానా కంపెనీ డబ్బు పెట్టి తీరాలన్న హక్కు మాత్రం ఎవరికీ లేదు. కానీ నన్నడిగితే మూతపడటం గెలుపేమీ కాదు. అదే మైకు ముందు టేలర్ నివేదిక చదివినవాళ్ళెవర్నైనా కూర్చోబెట్టి, ఆ 9,734 అంకె చదివించి ఉంటే శ్రోతలకి ఎక్కువ మేలు జరిగేది. మంచి సాకర్ కార్యక్రమాలే కరువైన దేశంలో ఒకటి పోయిందని వేరే జట్ల అభిమానులు బాధపడితే వాళ్ళని తప్పుపట్టలేం.

తర్వాత జరిగినవి అభిమానుల పట్టుదలని నిలబెట్టాయి. 1991 విచారణలో ఇచ్చిన 'ప్రమాదవశాత్తూ మరణం' అన్న తీర్పు 2009లో ఇంకా అమల్లోనే ఉంది. 2012 సెప్టెంబరులో స్వతంత్ర బృందం పాత కాగితాలన్నీ తిరగేసింది. 164 పోలీసు వాంగ్మూలాలు దిద్దారనీ, వాటిలో 116 చోట్ల పోలీసులకి ఇబ్బంది కలిగించే మాటలు తీసేశారనీ బయటపెట్టింది. చనిపోయినవాళ్ళ రక్తంలో, పిల్లలతో సహా, మద్యం ఉందేమోనని పరీక్షలు చేసిన సంగతి కూడా. పాత తీర్పు రద్దయింది. రెండేళ్ళు నడిచిన కొత్త విచారణలో 2016 ఏప్రిల్ 26న జ్యూరీ, ఇవి చట్టవిరుద్ధమైన మరణాలని, అభిమానుల ప్రవర్తన కారణం కాదని చెప్పింది. అంతమాత్రాన ఎవరికో శిక్ష పడిందనుకోకండి. డకెన్‌ఫీల్డ్‌ని 2019లో క్రిమినల్ కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

ఈ కథ మనకెందుకంటారా? 2015 జూలై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల మొదటి రోజు ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు. ఆ వారమంతా మన ఫోన్లలో, మన విందుల్లో ఏమనుకున్నామో గుర్తు తెచ్చుకోండి. మనవాళ్ళకి క్రమశిక్షణ లేదు, ముహూర్తమని ఎగబడ్డారు, ఈ దేశంలో అయితే ఇలా అవుతుందా. నేను చాలా చోట్ల విన్నాను. ఘాట్లోకి ఎన్ని దారులు తెరిచారు, ఎంతసేపు ఆపారు, బయటికి దారేది అని అడిగినవాళ్ళని తక్కువే చూశాను. క్రమశిక్షణ గల దేశమని మనం చెప్పుకునే ఇంగ్లండ్‌లో, టిక్కెట్టు కొనుక్కుని గేటు తెరిస్తే నడిచి వచ్చినవాళ్ళు పోయారు. మన సంఘాల ఉగాది, దసరా ఉత్సవాలకి హాలు అద్దెకి తీసుకునేవాళ్ళు కూడా ఒకసారి అటు చూడాలి. సినిమా తారలొచ్చిన రోజు పక్క తలుపులకి తాళాలుంటాయి చాలాచోట్ల.

ఇంట్లో పిల్లలు ఏదో ఒక ఇంగ్లిష్ జట్టు చొక్కా వేసుకు తిరుగుతుంటే ఇంకో ముక్క. ఎదుటి జట్టుని ఏడిపించడానికి హిల్స్‌బరో మీదా, 1958లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు పోయిన మ్యూనిక్ విమాన ప్రమాదం మీదా పాటలు కట్టి అరవడం అక్కడ చాలాకాలంగా ఉంది. ఇలా అరిస్తే కేసు పెట్టొచ్చని 2023లో ఇంగ్లండ్ ప్రాసిక్యూషన్ శాఖ స్పష్టం చేసింది. పిల్లలు యూట్యూబ్‌లో విని అర్థం తెలియకుండా కూనిరాగం తీస్తుంటారు. కసురుకోకుండా, ఏం జరిగిందో చెప్పండి చాలు. పదేళ్ళ పిల్లాడి సంగతి పదేళ్ళ పిల్లలకి ఇట్టే తెలుస్తుంది.

చివరిగా అంకె విషయం. 2009లో అభిమానులు రాసిన సంఖ్య 96. ఆ రోజు ఇరవై రెండేళ్ళ వయసులో మెదడు దెబ్బతిని, తల్లిదండ్రుల చేతుల మీద ముప్పై రెండేళ్ళు బతికిన ఒకాయన 2021 జూలైలో చనిపోయారు. ఆయనది కూడా ఆ దుర్ఘటన వల్ల వచ్చిన మరణమేనని కారోనర్ ప్రకటించారు. ఇప్పుడు 97.