ఫర్మానాను ప్రశ్నించేదెవరు?

ఢిల్లీలో అశోకా రోడ్డు ఒకటవ నంబరు సౌధం పేరు హైదరాబాద్ హౌస్. ఏడవ నిజాం కట్టించిన ఈ భవనంలో నేడు భారత ప్రధాని విదేశీ అతిథులతో చర్చలు జరుపుతారు. 2023 సెప్టెంబరులో సౌదీ యువరాజు, 2025 ఫిబ్రవరిలో ఖతార్ అమీరు ఇక్కడికే వచ్చారు. మన ప్రధాని పార్లమెంటుకు జవాబుదారీ. అరేబియా సముద్రానికి ఆవలి ప్రభువులు ఎవరికి జవాబుదారులు?

సౌదీ అరేబియాలో 1992 నాటి మౌలిక శాసనం న్యాయ, కార్యనిర్వాహక, శాసన నిర్మాణాధికారాలను వేరు వేరుగా పేర్కొన్నది. అయితే మూడింటికీ మూలం రాజేనని కూడా చెప్పింది. షూరా మండలిలోని 150 మంది సభ్యులను నియమించేదీ ఆయనే. వారు సలహా ఇవ్వగలరు, రాజును కాదనలేరు.

కువైట్ దారి వేరు. 1962 రాజ్యాంగం ప్రకారం ప్రజలెన్నుకొన్న 50 మంది సభ్యులు మంత్రులను నిలదీయవచ్చు. అవిశ్వాసంతో తొలగించనూ వచ్చు. 1976లోనూ, 1986లోనూ మూతపడి, మళ్ళీ తెరుచుకొన్న సభ అది. 2024 మే 10న అమీరు దానిని మరల రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించని కాలానికి నిలిపివేశారు.

కడప నుంచి వలస వెళ్ళిన శ్రామికునికి కువైట్‌లో ఓటు ఎన్నడూ లేదు. కాని అతని నివాసానుమతిని శాసించే 2024 నాటి కొత్త చట్టం సభలో ఒక్క ప్రశ్నయినా ఎదుర్కొనకుండానే వెలువడింది.

నిజాం సైతం 1919లో కార్యనిర్వాహక మండలిని ఏర్పరచారు. తుది మాట మాత్రం ఫర్మానాదే. సలహా అడగడం వేరు, సమాధానం చెప్పడం వేరు.