ఉప్పు పొట్లం విడిగా పెట్టండి

ఏప్రిల్ వస్తే మావారి క్యారేజీ సగం అన్నంతో తిరిగొచ్చేది. బట్టల మిల్లులో ఆ వేడికి ముద్ద దిగదంటారు. మేముండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. శ్రీరామనవమికి పక్కింటి కన్నడ అక్క కోసంబరి తెచ్చిచ్చింది. మన వడపప్పే, కాకపోతే కీరా, క్యారెట్ కలిపి పోపు పెడతారు.

మర్నాడే చేసి పంపాను. మధ్యాహ్నానికి నీళ్లోడి, పులిసిన వాసనట. పారేశారు. అక్కకి చెబితే, "ఉప్పు పొద్దున్నే వేశావా? ఉప్పు తగిలితే కీరా నీళ్లు వదిలేస్తుంది కదమ్మా" అంది.

ఇప్పుడిలా చేస్తున్నాను. అరకప్పు పెసరపప్పు గంటసేపు నానబెట్టి, నీళ్లన్నీ వార్చేస్తాను. ఒక కీరా, ఒక క్యారెట్ మంచినీళ్లతో బాగా కడిగి, తుడిచి, సన్నగా తరుగుతాను. రెండు చెంచాల పచ్చిమామిడి కోరు, కొత్తిమీర వేసి, ఆవాలు, కరివేపాకు, ఇంగువ పోపు చల్లారాక కలుపుతాను. కొబ్బరి ఇంట్లో తినేటప్పుడే. ఎండకి తొందరగా పాడవుతుంది. ఉప్పు పొట్లం, నిమ్మచెక్క విడిగా పెడతాను. తినేముందు ఆయనే కలుపుకుంటారు. మిగిలితే సాయంత్రానికి దాచొద్దని చెప్పాను.

దాచేంత మిగలడం లేదు. ఈ వారమంతా క్యారేజీ ఖాళీగానే వచ్చింది. మీరూ చేసి చూడండి, పొట్లం మాత్రం మరవకండి.