ముందు ఏటిని అడగాలి... ఆ తర్వాతే చేప!

ఊరి పేరు గ్రేలింగ్. పక్కన పారే ఏరు అసాబుల్. ఒకప్పుడు ఆ ఏట్లో కోకొల్లలుగా తిరిగిన గ్రేలింగ్ చేప వల్లే ఊరికి ఆ పేరొచ్చింది. తీరా ఇప్పుడు వెళ్లి చూస్తే చేప లేదు, పేరు మాత్రం మిగిలింది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, గ్రేలింగ్ ఊళ్లో గ్రేలింగ్ అంత!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నాలాగా స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఉత్తరం వైపు వెళ్లేవాళ్లకు ఈ ఊరు దారిలోనే తగులుతుంది. పోయిన ఆ చేపను మళ్లీ పుట్టింటికి తెచ్చేందుకు ఇక్కడ కొన్నేళ్లుగా ప్రయత్నం జరుగుతోంది. చేపను తేవడం పెద్ద కష్టం కాదట. ఆ పుట్టిల్లు ఇంకా కాపురానికి పనికొస్తుందా లేదా తేల్చుకోవడమే అసలు కష్టమట. నన్ను ఆకట్టుకున్నది ఆ మాటే.

ఎలా పోయింది?

గ్రేలింగ్ చూడ్డానికి ముచ్చటైన చేప. వీపు మీది రెక్క తెరచాపలా విచ్చుకుంటుంది, దాని మీద నీలం, ఊదా రంగు చుక్కలు. దీని శాస్త్రీయ నామం 'థైమాలస్'. ఒంటి నుంచి థైమ్ అనే ఆకు వాసన వస్తుందని ఆ పేరు పెట్టారు. మన వాములో ఉండే ఘాటు కూడా ఆ ఆకులో ఉండేదే!

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇక్కడి తెల్ల పైన్ అడవుల్ని ఊడ్చినట్టు నరికేశారు. మంచు కరిగి ఏళ్లు పొంగే వసంతంలో ఆ దుంగల్ని నీళ్లలో వదిలి కిందికి తోసేవాళ్లు. గ్రేలింగ్ గుడ్లు పెట్టేదీ సరిగ్గా అప్పుడే. దుంగలు ఏటి అడుగును గీరి పారేశాయి. గట్టున నీడ పోయి నీరు వేడెక్కింది. పట్టు తప్పిన ఒడ్ల నుంచి ఇసుక జారి, గుడ్లు పొదిగే గులకరాళ్లను కప్పేసింది. దానికి తోడు రైళ్లెక్కి వచ్చిన గాలాల రాయుళ్లు బుట్టలకొద్దీ పట్టుకెళ్లారు. అది చాలదన్నట్టు కొత్త చేపల్ని తెచ్చి వదిలారు. 1884లో జర్మనీ నుంచి వచ్చిన గుడ్లతో పెంచిన బ్రౌన్ ట్రౌట్ పిల్లల్ని అమెరికాలో మొట్టమొదట వదిలింది మిషిగన్‌లోనే. తిండి దగ్గరా, చోటు దగ్గరా వాటితో గ్రేలింగ్ పోటీ పడలేకపోయింది. 1936 నాటికి ఈ రాష్ట్రంలో దాని కథ ముగిసింది.

తెచ్చి వదిలితే చాలదా?

చాలదని అనుభవమే చెప్పింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొంటానా నుంచి లక్షలకు లక్షలు పిల్లల్ని తెచ్చి వదిలారు. నిలవలేదు. 1987 నుంచి 1991 వరకు పెంపక కేంద్రాల్లో ఏడాది పెంచిన చేపల్ని సరస్సుల్లో, ఏళ్లలో వదిలారు. అవీ నిలవలేదు. తొట్లో పెరిగిన చేపకు ఏటి ఉరవడి తెలియదు, అది తన ఊరన్న గుర్తూ ఉండదు. డబ్బు, శ్రమ, అన్నిటికీ మించి అన్ని వేల ప్రాణాలు నీటిపాలయ్యాయి.

అందుకే 2016లో మిషిగన్ సహజ వనరుల శాఖ, లిటిల్ రివర్ ఒడావా తెగవారు కలిసి కొత్త ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చారు. మానిస్టీ నది ఆ తెగవారి పూర్వీకులు బతికిన నది. మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి నది ఎగువ భాగాన్నీ, అందులో కలిసే వాగుల్నీ ముందు పరిశీలించారు. చేప సంగతి తర్వాత, ముందు ఏరేమంటుందో విందామన్నారు.

ఏటిని ఏమని అడుగుతారు?

మొదటి ప్రశ్న చల్లదనం. అరచేతిలో పట్టే చిన్న పరికరాన్ని నీళ్లలో కట్టి వదిలేస్తే వేసవంతా గంట గంటకూ వేడిని రాసిపెడుతుంది. నీరు తరచూ 20 డిగ్రీల సెల్సియస్ దాటుతోందంటే చల్లనీటి చేపలకు గండమే. ఈ విషయంలో మానిస్టీది అదృష్టం. అక్కడిది లోతైన ఇసుక నేల. వానా, మంచూ అందులోకి ఇంకి, ఊటగా ఏట్లోకి వస్తాయి. మన వేసవి కుండలో నీళ్లలా ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి.

రెండోది అడుగు. గ్రేలింగ్ గొయ్యి తవ్వి గుడ్లను కప్పిపెట్టదు, గులకల మీద వెదజల్లి పోతుంది. గులకల సందుల్లో ఇసుక, ఒండ్రు పేరుకుంటే గుడ్లకు ఊపిరాడదు. అందుకే పరిశీలకులు ఏటికి అడ్డంగా నడుస్తూ, కాలి ముందు తగిలిన రాయినల్లా ఎత్తి కొలుస్తారు. అలా వంద రాళ్లు!

మూడోది వడి. గుడ్లు సుమారు రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. సెంటీమీటరు పొడవుండే ఆ పసికూనలు ప్రవాహానికి ఎదురీదలేవు. వాటికి ఒడ్డు పక్కన నీరు నిదానించే మూలలు కావాలి. పడిపోయిన చెట్టు మొద్దు కూడా అక్కడ ఉయ్యాలే.

నాలుగోది, ఇంట్లో ఇప్పటికే ఎవరున్నారన్నది. నీళ్లలో స్వల్పంగా కరెంటు పంపి చేపల్ని కాసేపు మగతలోకి దించి, లెక్కపెట్టి, మళ్లీ వదిలేస్తారు. బ్రౌన్ ట్రౌట్ మరీ ఎక్కువగా ఉన్నచోట గ్రేలింగ్ పిల్లల్ని వదలడమంటే పులినోట్లో పెట్టడమే.

పురుగులే సాక్షులు

ఐదో ప్రశ్నకు జవాబు పురుగులు చెబుతాయి. ఈ పని నేనూ చేస్తాను గనుక కాస్త వివరంగా చెబుతాను. మా ఇంటి దగ్గరి హ్యూరాన్ నది వెచ్చనిది, గ్రేలింగ్‌కు పనికిరాదు. కానీ ఏటి ఆరోగ్యం చూసే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

వసంతంలో, శరదృతువులో మా స్వచ్ఛంద బృందం ఛాతీ దాకా వచ్చే రబ్బరు దుస్తులు తొడుక్కుని వాగుల్లోకి దిగుతుంది. ఒకరు కాలితో రాళ్లను కదుపుతుంటే దిగువన ఇంకొకరు చిక్కం పట్టుకుంటారు. పడ్డదాన్ని తెల్ల పళ్లెంలో పోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు పురుగుల్ని ఏరతాం. ఈ పనిలో మన ఆడవాళ్ల చెయ్యి బాగా తిరుగుతుంది సుమండీ!

స్టోన్‌ఫ్లై పిల్లలు దొరికితే అందరి ముఖాలూ వెలుగుతాయి. నీరు చల్లగా, ప్రాణవాయువు పుష్కలంగా ఉంటే తప్ప అవి బతకవు. మురుగు కాస్త చేరినా ముందు పోయేవి అవే. ఒక్క బాటిల్ నీళ్లు పరీక్షిస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. నెలల తరబడి అక్కడే కాపురమున్న పురుగు మాత్రం గడిచిన కాలమంతటికీ సాక్ష్యం చెబుతుంది. పైగా గ్రేలింగ్‌కు తిండీ ఇవే. వంటిల్లు నిండుగా ఉందో లేదో చూసుకున్నట్టే అన్నమాట.

"చేపల కోసం మంచునీళ్లలో దిగడమేమిటే, చోద్యం కాకపోతే!" అంటారు తెలిసినవాళ్లు. చోద్యమే. కానీ ఏటిని అడక్కుండా చేసిన పనుల ఫలితం పైన చదివారుగా.

బకెట్టే పురిటి గది

2019 నుంచి అలాస్కాలోని చెనా నది గ్రేలింగ్ గుడ్లను తెచ్చి మిషిగన్‌లో తల్లిచేపల్ని పెంచారు. 2025 మే నెలలో వాటి గుడ్లు నాలుగు లక్షలకు పైగా మూడు తెగలవారికి అందాయి. మానిస్టీ, బోర్డ్‌మన్, మేపుల్ నదుల దగ్గర వాటిని బకెట్లలో పొదిగించారు. ఏటి నీరే గొట్టం ద్వారా బకెట్ అడుగున చేరి, గుడ్ల మీదుగా పైకొచ్చి ఏట్లోకే పోతుంది. పిల్ల కళ్లు తెరిచేది ఆ నీళ్లలోనే, తనంతట తాను ఈదుకుంటూ వెళ్లేదీ ఆ ఏట్లోకే. ఇక తన ఊరేదో దానికి వేరే చెప్పాలా? అవి పెద్దవై మళ్లీ గుడ్లు పెడితేనే గెలిచినట్టు. అందుకు ఏళ్లు పడుతుంది.

మనకేమిటి సంబంధం?

ఉంది. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస కోసం పుస్తెలమ్మైనా సరే అనేవాళ్లం మనం. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి అక్కడితో ఆగింది. ఆనకట్ట అన్నం పెట్టింది, కాదనలేం. అయితే చేపకు నీళ్లొక్కటే చాలవనీ, దారీ, అడుగూ, చల్లదనమూ కావాలనీ అదీ చెబుతోంది.

మరొకటి మన చేతిలోనే ఉంది. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను కొంటాం. అది పెరిగి పెద్దదవగానే 'పాపం, బతికిపోతుంది' అని చెరువులో వదిలేస్తాం. పుణ్యం అనుకుంటాం. అది దక్షిణ అమెరికా చేప. మన కాలువల్లో, చెరువుల్లో పిల్లల్ని పెట్టి, స్థానిక చేపల చోటు ఆక్రమించి, జాలర్ల వలలు చింపుతోంది.

కాబట్టి అక్వేరియం చేపను వద్దనుకుంటే కొన్న దుకాణంలోనో, పెంచుకునే ఇంకొకరికో ఇవ్వండి. ఏట్లో మాత్రం వదలొద్దు. పిల్లల్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడు రాయి ఒకటి మెల్లగా ఎత్తి కింద ఏమున్నాయో చూపించండి. చూశాక ఎక్కడి రాయి అక్కడే పెట్టించండి. అది ఎవరి ఇల్లో మరి!