చెరువు అడుగున గట్టినేలా, బురదా?

రాయచెర్లు వంటి మెట్టపల్లెలలో చెరువు నిండినదంటే పండుగే. అయితే అందులో నీరెంతో, పూడికెంతో పైనుండి చూచి చెప్పలేము. తుంగభద్ర జలాశయమునే గమనించండి. 1953లో సుమారు 133 టి.ఎం.సీ.లున్న దాని సామర్థ్యము 2016 సర్వేనాటికి సుమారు 105.8 టి.ఎం.సీ.లకు తగ్గినది. ఆ చోటును ఆక్రమించినది పూడికయే.

చేపలవేటకు వాడు సోనార్ యంత్రము ఈ గుట్టును కొంత విప్పగలదు. అది పడవనుండి నీటిలోనికి శబ్దమును పంపును. నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, ప్రతిధ్వని వచ్చిన వ్యవధిని బట్టి లోతు తెలియును. రాతినేల శబ్దమును బలముగా తిప్పికొట్టును. ఆ ప్రతిధ్వని నీటిపైభాగమునకు తగిలి మరల అడుగునకు పోయి వచ్చుటచే, తెరపై రెట్టింపు లోతున రెండవ గీత కూడ కనబడును. గట్టినేలకు ఇదే మంచి గుర్తు. బురద శబ్దమును మింగివేయును; గీత మసకబారును, రెండవది తరచుగా కానరాదు.

200 కిలోహెర్ట్జ్ శబ్దము సాధారణముగా బురద పైపొరనుండియే మరలును. 50 కిలోహెర్ట్జ్ శబ్దము మెత్తని బురదలోనికి కొంత చొరబడును. రెండు లోతుల వ్యత్యాసము పూడిక మందమునకు ఒక అంచనా. కుళ్లిన ఆకులనుండి పుట్టిన వాయుబుడగలు బురదలో ఉన్నచో, మెత్తని అడుగు సైతము గట్టిగా అగుపించును! యంత్రపు సున్నితత్వమును మధ్యలో మార్చినను లెక్క తప్పును.

మోకాలిలోతు నీటికి ఈ యంత్రమేల? గుర్తులు పెట్టిన వెదురుగడ చాలును. గడ తొలుత తాకిన చోటు బురద పైభాగము, నొక్కగా ఆగిన చోటు గట్టినేల. పశువులను, పిల్లలను దింపు రేవులో ఈ రెండును చూడవలెను. తొలి కొలత ఒక్కటే చూచినచో నడుములోతు బురద తెలియకపోవచ్చును.