దేవరుప్పుల ప్రాంతంలో పోలీసు అధికారం – న్యాయపరిశీలన: కడవెండి నుండి ముందస్తు నిర్బంధ చట్టం దాకా

వ్యాససంగ్రహం:

వ్యక్తిని నిర్బంధించే అధికారం రాజ్యానికి అవసరమే. ఆ అధికారాన్ని ఎవరు పరిశీలిస్తారు, ఎంత త్వరగా పరిశీలిస్తారు అనేదే నేరన్యాయ వ్యవస్థ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం, దాని పరిసరాలు ఈ ప్రశ్నను మూడు దశల్లో ఎదుర్కొన్నాయి. అవి 1946 నాటి కడవెండి కాల్పులు, 1949–53 నాటి ప్రత్యేక విచారణలు, నేటి ముందస్తు నిర్బంధ ఉత్తర్వులు. ఈ మూడు దశలను న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా వివరించి, పరిశీలన ఆలస్యమైనప్పుడు హక్కు ఏ మేరకు నిలుస్తుందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోలీసు అధికారం, అరెస్టు, ముందస్తు నిర్బంధం, ప్రత్యేక ట్రిబ్యునల్, న్యాయపరిశీలన, కడవెండి, దేవరుప్పుల.

1. ఉపోద్ఘాతం:

పోలీసు అధికారాలపై చర్చ సాధారణంగా మహానగరాల కేసుల చుట్టూ, రాజధానుల్లో వెలువడిన తీర్పుల చుట్టూ సాగుతుంది. అయితే ఆ అధికారం సామాన్యుడికి ఎదురయ్యేది మండల కేంద్రంలోని ఠాణాలోనే. దేవరుప్పుల తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలో ప్రసిద్ధమైన ప్రాంతం. కడవెండి ఈ మండలంలోని గ్రామమే. విసునూరు, పాలకుర్తి ఇరుగుపొరుగు ఊళ్లు. ఈ ప్రాంత చరిత్రను భూమి కోణంలో, ఉద్యమ కోణంలో వివరించిన రచనలు అనేకం ఉన్నాయి. అదే చరిత్రను నేరన్యాయ ప్రక్రియ కోణంలో చదివితే, నేటి చట్టాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరించే అంశాలు కొన్ని బయటపడతాయి.

2. గడి, ఠాణా – 1946:

నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానం న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి 1921లోనే వేరుచేసింది. బ్రిటిష్ ఇండియాలో ఇది ఇంకా డిమాండుగానే ఉన్న కాలమది. అయితే కాగితంపై జరిగిన ఈ విభజన గ్రామానికి చేరలేదు. బహిరంగ సభలను ప్రభుత్వ అనుమతికి లోబరచిన గస్తీ నిషాన్ 53 ఒక వైపు, దేశ్‌ముఖుల గడి పెత్తనం మరో వైపు పౌరస్వేచ్ఛను కట్టడి చేశాయి. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆధిపత్యంలోని గ్రామాల్లో పంచాయితీ తీర్పు, జుర్మానా, శిక్ష అన్నీ గడి నుండే వెలువడేవి.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న సంఘం సభ్యులపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య మరణించారు. చట్టం దృష్టిలో ఇది హత్య. దర్యాప్తు చేసి నిందితులను న్యాయస్థానం ముందు నిలపడం పోలీసుల విధి. జరిగింది వేరు. ఊరికి వచ్చిన పోలీసులు గుమిగూడిన జనాన్ని పంపించివేశారు. ఆపై కేసులు సంఘం నాయకులపైనే నమోదయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మాంశం ఒకటుంది. ఆనాడు హైదరాబాదులో చట్టం లేకపోలేదు. శిక్షాస్మృతి ఉంది, న్యాయస్థానాలున్నాయి, హైకోర్టు ఉంది. లేనిది ఠాణా నిర్ణయాన్ని ప్రశ్నించగల మార్గం. ఎవరిపై కేసు పెట్టాలి, ఎవరిని వదలాలి అనే నిర్ణయం పోలీసు వ్యవస్థలో మొదటి మెట్టు. ఆ మెట్టుపై పరిశీలన లేకపోతే పై మెట్లన్నీ నిరర్థకమవుతాయి.

3. ప్రత్యేక విచారణలు – 1949 నుండి 1953:

1948 సెప్టెంబరు 13–17 మధ్య జరిగిన పోలీసు చర్యతో సంస్థానం భారత సైన్యం అధీనంలోకి వచ్చింది. మిలిటరీ గవర్నర్ జె.ఎన్.చౌదరి పాలనలో 1358 ఫసలీ నాటి ప్రత్యేక ట్రిబ్యునళ్ల రెగ్యులేషన్ అమలైంది. ఏ కేసును ట్రిబ్యునల్‌కు పంపాలో మిలిటరీ గవర్నరే నిర్ణయించేవారు. సెషన్స్ విచారణకు ముందుండే కమిటల్ దశ తొలగిపోయింది. సాక్ష్యాన్ని పూర్తిగా నమోదుచేయడానికి బదులు సారాంశం రాసుకుంటే సరిపోయేది.

ఈ ట్రిబ్యునళ్లు రైతాంగ పోరాటంలో పాల్గొన్నవారికి మరణశిక్షలు విధించాయి. కడవెండి సంఘ నాయకుల్లో ఒకరైన నల్లా నరసింహులు కూడా మరణశిక్షను ఎదుర్కొన్నారు. తరువాత అది యావజ్జీవ శిక్షగా మారింది. 1949 ఆగస్టులో ట్రిబ్యునళ్లు విధించిన కొన్ని మరణశిక్షలను అదే సంవత్సరం డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖరారుచేసింది. మరికొద్ది వారాల్లో, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఈ కొద్ది వారాల వ్యవధే జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం కేసును నిర్ణయించింది. ఖైదీల పక్షాన ఇంగ్లండు న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వాదించారు. హైకోర్టు తీర్పు రాజ్యాంగానికి ముందు వెలువడినందున దానిపై అప్పీలు వినే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆపై 1951లో హెబియస్ కార్పస్ పిటిషన్లపై తీర్పునిస్తూ, రాజ్యాంగ హక్కులు గతించిన విచారణలకు వెనుదిరిగి వర్తించవని పేర్కొంది. మరణశిక్ష పడదగిన కేసులో నిందితులకు న్యాయవాది లేకపోవడం ఒక్కటే విచారణను చెల్లకుండా చేయదని కూడా అభిప్రాయపడింది. చివరకు ఆ ఖైదీల ప్రాణాలు దక్కింది శిక్షల తగ్గింపు వల్లనే, న్యాయపరిశీలన వల్ల కాదు.

దీని పక్కన వరంగల్ సుబేదారు హబీబ్ మహమ్మద్ కేసును ఉంచి చూడాలి. 1947 డిసెంబరులో నేటి మహబూబాబాద్ జిల్లా పరిధిలోని గుర్తూరు గ్రామంపై జరిగిన దాడికి సంబంధించి ఆయనపై హత్య, దహనం తదితర అభియోగాలు వచ్చాయి. ట్రిబ్యునళ్ల స్థానంలో వచ్చిన ప్రత్యేక న్యాయమూర్తి ఆయనను విచారించారు. మరణశిక్ష పడింది. అప్పటికి రాజ్యాంగం అమలులో ఉన్నందున సుప్రీంకోర్టు ద్వారం తెరుచుకుంది. ప్రత్యేక విచారణ విధానం మొత్తంగా వివక్షాపూరితం కాదని 1953 మార్చిలో అంగీకరించిన న్యాయస్థానమే, అదే సంవత్సరం అక్టోబరులో సాక్ష్యాన్ని పరిశీలించి శిక్షను రద్దుచేసింది. ఘటనా స్థలంలో ఉన్న పోలీసు ఉన్నతాధికారిని ప్రాసిక్యూషన్ సాక్షిగా ప్రవేశపెట్టకపోవడం ఆ నిర్ణయానికి ఒక ప్రధాన కారణం.

ఒకరు రైతాంగ పోరాట పక్షం, మరొకరు ప్రభుత్వాధికారి. ఇద్దరూ ప్రత్యేక విచారణ విధానానికే లోబడ్డారు. ఒకరికి దొరకని పరిశీలన మరొకరికి దొరికింది. తేడా నేరంలో లేదు, పరిశీలనకు అవకాశమిచ్చిన తేదీలో ఉంది. ప్రత్యేక శాసనం నేడు ఒక పక్షంపై ప్రయోగమైతే రేపు మరో పక్షంపై ప్రయోగమవుతుంది. ఉన్నత న్యాయస్థానం పరిశీలన ఒక్కటే ఇరుపక్షాలకూ సమానమైన రక్షణ.

4. సాధారణ అరెస్టు – రాజ్యాంగ రక్షణలు:

రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తికి మూడు హామీలిచ్చింది. కారణాలు తెలుసుకోవడం, న్యాయవాదిని సంప్రదించడం, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు చేరడం. ఈ హామీలకు న్యాయస్థానాలు క్రమంగా బలం చేకూర్చాయి. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, అరెస్టు అవసరమని నిరూపించగలగడం వేరు అని జోగిందర్ కుమార్ కేసు (1994) స్పష్టం చేసింది. డి.కె.బసు కేసు (1996) అరెస్టు మెమో, బంధువులకు సమాచారం, వైద్య పరీక్ష వంటి నియమాలను విధించింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని అర్నేష్ కుమార్ కేసు (2014) ఆదేశించింది. నిందితుడికి న్యాయవాదిని సమకూర్చకపోతే విచారణే చెల్లదని అజ్మల్ కసబ్ కేసులో (2012) సుప్రీంకోర్టు ప్రకటించింది. 1951లో నిరాకరణకు గురైన వాదన అరవై ఏళ్ల తరువాత ఈ విధంగా న్యాయసూత్రమైంది.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత వీటిలో అనేకాన్ని చట్టరూపంలో కొనసాగించింది. 35వ సెక్షన్ నోటీసు విధానాన్ని నిలిపింది. మూడేళ్లకు తక్కువ శిక్ష పడే నేరాల్లో అనారోగ్య పీడితులను, 60 ఏళ్లు దాటినవారిని అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి తప్పనిసరి చేసింది. 37వ సెక్షన్ ప్రకారం ప్రతి ఠాణాలో అరెస్టయినవారి వివరాలకు బాధ్యత వహించే అధికారి ఉండాలి. 105వ సెక్షన్ సోదాలను ఆడియో, వీడియో రూపంలో నమోదుచేయాలని నిర్దేశిస్తుంది. మరోవైపు, పోలీసు కస్టడీకి అనుమతించే 15 రోజులను నేరతీవ్రతను బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో విడివిడిగా వాడుకునే వెసులుబాటును 187వ సెక్షన్ కల్పించింది. రక్షణ, అధికారం రెండూ ఒకే సంహితలో పెరగడం గమనార్హం.

5. ముందస్తు నిర్బంధం – ఉత్తర్వుపై సంతకం ఎవరిది?

పై రక్షణల్లో కొన్ని ముందస్తు నిర్బంధానికి వర్తించవని 22వ అధికరణమే చెబుతుంది. పీడీ యాక్టుగా వ్యవహారంలో ఉన్న 1986 నాటి ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం ఈ మినహాయింపుపై నిలిచింది. సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాలు, భూ ఆక్రమణదారులు మొదలైనవారిని ఉద్దేశించిన ఈ చట్టాన్ని 2018లో తెలంగాణ ప్రభుత్వం సవరించి నకిలీ విత్తనాలు, ఆహార కల్తీ, నకిలీ పత్రాలు, సైబర్ నేరాల వంటివాటికి విస్తరించింది. నిర్బంధం గరిష్ఠంగా 12 నెలలు. కారణాలు తెలపడానికి 5 రోజులు, ప్రభుత్వ ఆమోదానికి 12 రోజులు, సలహా మండలికి నివేదించడానికి 3 వారాలు, మండలి అభిప్రాయానికి 7 వారాలు గడువు. మండలి ముందు న్యాయవాదిని నియమించుకునే హక్కు నిర్బంధితుడికి లేదు.

ఉత్తర్వు జారీచేసే అధికారాన్ని ప్రభుత్వం జిల్లా మేజిస్ట్రేటుకు గాని, పోలీసు కమిషనర్‌కు గాని అప్పగించవచ్చు. ఉమ్మడి వరంగల్ ప్రాంతంలో ఈ ‘గాని’ అనే పదానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. వీటిలో మహబూబాబాద్, భూపాలపల్లి ఎస్పీల అధీనంలో ఉన్నాయి. జనగామ జిల్లా వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో చేరింది. ఎస్పీకి నిర్బంధ ఉత్తర్వు జారీచేసే అధికారం లేదు. ఆయన ప్రతిపాదన పంపితే మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు నిర్ణయిస్తారు. కమిషనరేట్ పరిధిలో ప్రతిపాదన, నిర్ణయం రెండూ పోలీసు శాఖలోనే జరిగే వీలుంది. దేవరుప్పుల వాసికి, పక్క జిల్లాలోని తొర్రూరు వాసికి ఒకే చట్టం వర్తిస్తుంది. అయినా ఉత్తర్వుకు ముందు పోలీసు శాఖకు వెలుపలి అధికారి దృష్టి పడే అవకాశం ఇద్దరికీ సమానం కాదు.

ఈ చట్టం వినియోగంపై సుప్రీంకోర్టు ఇటీవల తీవ్రంగా స్పందించింది. మల్లాడ కె.శ్రీరామ్ కేసులో (2022), శాంతిభద్రతలకు కలిగే భంగానికీ, సమాజ జీవనాన్నే కుదిపివేసే ప్రజావ్యవస్థ భంగానికీ మధ్య ఉన్న తేడాను విస్మరించి ఉత్తర్వులు జారీ అవుతున్నాయని ఎత్తిచూపింది. 1965 నాటి రామ్ మనోహర్ లోహియా కేసు నుండి ఉన్న సూత్రమే ఇది. అమీనా బేగం కేసులో (2023) నిర్బంధ ఉత్తర్వును రద్దుచేస్తూ, తెలంగాణలో ఈ అధికారం వాడుక పెడధోరణి పట్టిందని విమర్శించింది. సాధారణ చట్టంతో అదుపుచేయగల నేరాలకు, బెయిలు పొందినవారిని తిరిగి లోపల ఉంచడానికి ముందస్తు నిర్బంధం సాధనం కారాదన్నది ఈ తీర్పుల సారం. నేనావత్ బుజ్జి కేసు (2024) సలహా మండళ్ల బాధ్యతను గుర్తుచేసింది. మండలి ప్రభుత్వ నిర్ణయానికి ముద్రవేసే యంత్రం కాదని, ఉత్తర్వు చట్టబద్ధతను చురుకుగా పరీక్షించాలని స్పష్టం చేసింది.

ముందస్తు నిర్బంధాన్ని సమర్థించే వాదనకూ బలముంది. సాక్షులను బెదిరించే ముఠాల విషయంలో సాధారణ విచారణ విఫలమవుతుందని, నకిలీ విత్తనాలతో పంట పోగొట్టుకున్న రైతుకు ఏళ్లు గడిచాక వచ్చే తీర్పు ఊరట కాదని పోలీసు వర్గాలు వాదిస్తాయి. ఈ ఇబ్బంది వాస్తవమే. అయితే నిరూపణ లేని నిర్బంధం విచారణ జాప్యానికి పరిష్కారం కాదు. అది జాప్యాన్ని కప్పిపుచ్చుతుంది.

6. ఒక తులన – న్యూ సౌత్ వేల్స్:

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం అరెస్టు, సోదా, నిర్బంధం తదితర ప్రధాన పోలీసు అధికారాలను 2002లో ఒకే చట్టంలోకి తెచ్చింది. ఆ చట్టం పేరులోనే ‘అధికారాలు’, ‘బాధ్యతలు’ అనే పదాలు జంటగా ఉంటాయి. అరెస్టు చేసే అధికారి తన పేరు, పనిచేసే ఠాణా, అరెస్టు కారణం చెప్పాలి. అభియోగానికి ముందు దర్యాప్తు కోసం ఠాణాలో ఉంచగల సాధారణ గరిష్ఠ వ్యవధి 6 గంటలు. అంతకు మించాలంటే వారెంటు కావాలి. నిర్బంధితుడికి హక్కులు వివరించి, రికార్డు నిర్వహించే బాధ్యత కస్టడీ మేనేజర్‌ది. మన 37వ సెక్షన్ అధికారి వివరాలు భద్రపరుస్తాడు. కస్టడీ మేనేజర్ నిర్బంధ ప్రక్రియనే పర్యవేక్షిస్తాడు. ఆ దేశంలోనూ పోలీసు అధికారాల విస్తరణపై వివాదాలు లేకపోలేదు. తులన వల్ల తెలిసేది, పరిశీలనను ఠాణాలోనే, మొదటి గంటల్లోనే ప్రారంభించడం సాధ్యమని.

7. ముగింపు:

కడవెండిలో 1946లో పరిశీలన లేదు. 1951లో మరణశిక్ష పడిన ఖైదీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా పరిశీలన అందలేదు. నేడు పరిశీలన ఉంది, తరచుగా నిర్బంధ కాలం చాలావరకు గడిచాక అందుతుంది. ఉత్తర్వు రద్దయినా జైలులో గడిచిన నెలలు తిరిగిరావు. కనుక సంస్కరణ దృష్టి ఉన్నత న్యాయస్థానాల నుండి మొదటి మెట్టుపైకి మళ్లాలి. కమిషనరేట్లలో నిర్బంధ ప్రతిపాదనను పోలీసు శాఖకు వెలుపలి అధికారి పరిశీలించడం, సలహా మండలి ముందు న్యాయసహాయం, ఠాణా స్థాయిలోనే న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది అందుబాటు అనే మూడు చర్యలు ఇందుకు తోడ్పడతాయి. అరెస్టు కారణాన్ని ఠాణాలోనే ప్రశ్నించగల వ్యవస్థ ఏర్పడినప్పుడే రాజ్యాంగ హామీ దేవరుప్పుల దాకా చేరినట్లు భావించవచ్చు.