మన మట్టి మన గట్టు దాటరాదు



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు కాలువలకు శ్రీశైలం జలాశయం పెద్ద దిక్కు. ఆ నీరు పోతిరెడ్డిపాడు తూముల గుండా బానకచర్లకు వచ్చి, అక్కడ తెలుగుగంగకు, శ్రీశైలం కుడి కాలువకు, కె.సి. కాలువకు చీలుతుంది. జలాశయం నిండుమట్టం 885 అడుగులు. 1984లో ఆ మట్టానికి సుమారు 308 టీఎంసీల నీరు పట్టేది. తర్వాతి కొలతల్లో అది సుమారు 216కు దిగింది. తక్కిన చోటంతా ఒండ్రు ఆక్రమించింది. ఒక్క టీఎంసీ అంటే పదివేల ఎకరాల మీద రెండడుగులకు పైగా నిలిచే నీరు. ఎంత నష్టమో మీరే లెక్క వేసుకోండి!

ఈ ఒండ్రు కృష్ణా, తుంగభద్రల ఎగువ చేలదీ, గుట్టలదీ. "అది పైవాళ్ల సంగతి, మనకేం?" అంటారేమో. మన చేల మట్టి కుందూలో పడి, పెన్నలో కలిసి, సోమశిల జలాశయం దారి పడుతున్నది. పైవారు మనకు చేసిందే మనం కిందివారికి చేస్తున్నాం. పైగా ముందు నష్టం మనకే. వానకు కొట్టుకుపోయేది పైపొర. చేని సత్తువ ఉండేది అందులోనే.

మరి ఏం చేయాలి? వాలుకు అడ్డంగా మడక తోలండి. గట్ల మీద గరిక పెరగనివ్వండి. నల్లరేగడిలో నీటిని బొత్తిగా బిగించకండి, గట్టు తెగుతుంది. వాలు చివర రాళ్లు పేర్చి చిన్న మరువ పెట్టండి. నీరు మెల్లగా పోతుంది, మట్టి నిలుస్తుంది. కోత తర్వాత కొయ్యకాళ్లు కాల్చకండి. నేల మీద ఆ కప్పు ఉంటే వాన దెబ్బ మట్టికి నేరుగా తగలదు.

ఇంటి పని అక్కచెల్లెళ్లది మాత్రమే కాదు, అందరిదీ. పేడను పిడకలు చేసి కాలిస్తే అందులోని నత్రజని పొగలో పోతుంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంత తీయండి. కసువు, ఆకు అలము, పేడ, గొడ్ల మూత్రంతో తడిసిన మట్టి పొరలు పొరలుగా వేసి, పైన బురదతో మెత్తండి. నాలుగైదు నెలల్లో మంచి ఎరువు అవుతుంది. ఎరువు తిన్న నేల నీటిని పీల్చుకుంటుంది, తొందరగా కోసుకుపోదు. ప్లాస్టిక్ సంచులు, గాజుపెంకులు మాత్రం గుంతలో పడనీయకండి, వేరుగా పెట్టండి.

ఈసారి గట్టి వాన పడినప్పుడు చేని చివరికి వెళ్లి, పారే నీటిని గాజుగ్లాసులో పట్టి చూడండి. అడుగున మట్టి పేరుకుంటే, పోతున్నది మీ సత్తువే. నీరు తేటగా ఉంటే, మీ మట్టి మీ చేలోనే ఉన్నట్టు.